ఏకపాత్రకు ఎవరు: డయోజనీసా, నార్టన్ చక్రవర్తా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలకు ఏకపాత్ర కట్టించేవారు చరిత్రలోని వింత మనుషుల్లో ఎవరిని ఎంచుకోవాలి? నా దృష్టిలో పోటీ ఇద్దరి మధ్యే. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏథెన్స్‌లో పెద్ద మట్టి బానలో కాపురమున్న గ్రీకు తత్వవేత్త డయోజనీస్ ఒకరు. 1859లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తనను తానే అమెరికా చక్రవర్తిగా ప్రకటించుకున్న జాషువా నార్టన్ మరొకరు.

ఖర్చు: డయోజనీస్‌కు పాత దుప్పటి, లాంతరు చాలు. నార్టన్‌కు భుజకీర్తుల నీలం కోటు, ఈకల టోపీ కావాలి. అద్దె తప్పదు.

శ్రమ: డయోజనీస్ పట్టపగలు దీపం పట్టుకుని మనిషి కోసం వెతుకుతాడు. ఒక పిల్లవాడు దోసిలితో నీళ్లు తాగడం చూసి తన గిన్నె విసిరేస్తాడు. మాటలు లేకున్నా అర్థమవుతుంది, ఒడియా స్నేహితులూ నవ్వుతారు. నార్టన్‌కు మాటలే ప్రాణం. పెరూ బియ్యం బేరం కుదుర్చుకున్నాక వరుసగా ఓడలు దిగి ధర కూలడం, ఆయన దివాలా తీయడం ముందుగా చెప్పాలి. వడ్ల ధరల దెబ్బ తెలిసిన మన పెద్దలు అక్కడే కథలో పడతారు. ఆపై సొంత నోట్లు! కొందరు వ్యాపారులు వాటిని తీసుకున్నారు కూడా. అలాంటి నోట్లు నాలుగు గీసి ముందు వరుసకు పంచండి.

ప్రమాదం: డయోజనీస్ కథల్లో సభకు పనికిరానివి చాలా ఉన్నాయి, వడపోయండి. నార్టన్‌ను పిచ్చివాడిగా ఆడిస్తే మాత్రం నాకు నచ్చదు. హుందాగా నడిపించండి.

బిడియపు పిల్లవాడు, రెండు భాషల ప్రేక్షకులు ఉంటే డయోజనీస్. ధాటిగా మాట్లాడే హైస్కూలు విద్యార్థి, పెద్దలు నిండిన సభ అయితే నార్టన్.