షాంఘైలో అత్తయ్యతో నాలుగు రోజుల తిండి

షాంఘై టికెట్లు తీసుకున్నప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే టెన్షన్, అక్కడ అత్తయ్య ఏం తింటారని. మేం బయల్దేరింది నవంబరు మొదట్లో, కార్తీక మాసం. ఆవిడ మామూలుగానే శాకాహారి, ఆ నెలంతా ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు. షాంఘైలో చూస్తే అప్పుడే పీతల సీజను. ఏ హోటల్ ముందు చూసినా తాళ్లతో కట్టేసిన పీతలే.

బస పీపుల్స్ స్క్వేర్ దగ్గర తీసుకున్నాం. గది ఇరుకే కానీ మూడు మెట్రో లైన్లు అక్కడ కలుస్తాయి, పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు అదే మేలు. గదిలో కెటిల్ ఉంది కాబట్టి పొద్దున పూట ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్మా మిక్స్‌తో గడిచిపోయింది. అలీపే అనే చెల్లింపుల యాప్ మాత్రం ఇక్కడే ఫోన్లో పెట్టుకుని, కార్డు జత చేసుకుని వెళ్లండి. టీ కొట్టు దగ్గర కూడా స్కాన్ చేయడమే.

మొదటి రోజు యూయువాన్ తోట దగ్గరున్న నాన్‌షియాంగ్ దుకాణానికి వెళ్లాం. షావోలాంగ్‌బావ్‌కి, అంటే లోపల కైమా, చారు ఉండే ఆవిరి కుడుములకి, 1900 నుంచీ పేరున్న చోటు. కింద పార్సిల్ క్యూ తొమ్మిది మలుపుల వంతెన దాకా ఉంది. పై అంతస్తులో కూర్చుంటే ధర ఎక్కువ, అయినా నేను పైకే వెళ్లమంటాను. ఎందుకంటే ఇది వేడి మీద తినాల్సిన వస్తువు. పంది చర్మం ఉడికించిన రసాన్ని గడ్డ కట్టించి కైమాలో కలుపుతారు, ఆవిరికి అది కరిగి లోపల చారవుతుంది. వెదురు బుట్ట మూత తీయగానే ఒక్కోటి చారు బరువుకి కిందికి జారి కూర్చుని ఉంటుంది. ముడి దగ్గర చాప్‌స్టిక్స్‌తో మెల్లగా ఎత్తి చెంచాలో పెట్టుకోవాలి. పక్కన చిన్న గాటు పెట్టి చారు పీల్చాలి. ఆ తర్వాత సన్నగా తరిగిన అల్లం, నల్ల వెనిగర్‌తో మిగతాది తినాలి. మా ఆయన తొందరపడి మొత్తం నోట్లో వేసుకుని నాలుక కాల్చుకున్నారు. పార్సిల్ కట్టించుకుని వీధిలో తినేసరికి చారు చల్లారి పిండి గట్టిపడుతుంది, అంతసేపు క్యూలో నిలబడింది దండగ.

రెండో రోజు రాత్రి బాగా పేరున్న ఒక షాంఘై రెస్టారెంటుకి వెళ్లాం. ఆరున్నరకి వెళితే టోకెన్ ఇచ్చి యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. అక్కడివాళ్లు పెందలాడే తింటారు, ఐదున్నరకల్లా వెళ్తే నయం. వంట విషయంలో వంక పెట్టలేను. హోంగ్‌షావ్ రౌ అని, పంది మాంసాన్ని సోయా సాస్, షావోషింగ్ అనే బియ్యపు వైన్, పటికబెల్లంతో గంటల తరబడి మగ్గించిన కూర తెచ్చారు. ముక్క ఎర్రగా నిగనిగలాడుతోంది, పాకం పట్టినట్టు వేలికి అంటుకుంటోంది. కారం అసలుండదు. పులుసులో బెల్లం వేసుకునే వాళ్లం కాబట్టి మాకు ఆ తీపి కొత్తగా అనిపించలేదు.

కానీ అత్తయ్యకి చెప్పిన ఆకుకూరలో ఎండు రొయ్యలు కనిపించాయి. ఫోన్లో అనువాదం చూపించి మాంసం వద్దని ముందే చెప్పాం. రొయ్య మాంసం కిందికి రాదని వాళ్ల లెక్క కాబోలు. వెనక్కి తీసుకెళ్లి మళ్లీ చేసి తెచ్చారు కానీ, అదే మూకుడులో చేశారేమోనని ఆవిడ ఇక ముట్టలేదు. “కంగారు పడకమ్మా, అన్నం ఉందిగా,” అని తెల్లన్నం తిని లేచారు. నాకు ఆ పూట తిన్నది ఒంటపట్టలేదు.

అందుకే మూడో రోజు పూర్తిగా ఆవిడ కోసమే పెట్టుకున్నాం. నాన్‌జింగ్ పశ్చిమ రోడ్డులోని గోంగ్‌దెలిన్‌కి వెళ్లాం. 1922లో పెట్టిన శాకాహార భోజనశాల అది. చైనా బౌద్ధుల నియమం ప్రకారం ఉల్లి వెల్లుల్లి కూడా నిషిద్ధమే, అంటే మన కార్తీక మాసం భోజనమే అనుకోండి. అయినా గుడ్డుతో సహా ఒక్కోటీ అడిగి రూఢి చేసుకున్నాకే చెప్పాం.

ముందు కావ్‌ఫూ వచ్చింది. గోధుమ పిండిలోని జిగురుతో చేసిన స్పాంజి లాంటి ముక్కలు, పుట్టగొడుగులు, వేరుశెనగలు, తియ్యటి సోయా రసం. చల్లగానే వడ్డిస్తారు. ఆ వెనకే ఒక పళ్లెం నిండా నారింజ రంగు ముద్ద తెచ్చారు. పేరు “శాకాహార పీత”! అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“పీతేమిటే, ఈ నెలలో?”

“బంగాళాదుంప, క్యారెట్ అత్తయ్యా. పేరే అలా పెట్టారు.”

చెంచా కొసతో కాస్త తీసుకుని, కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నారు. అల్లం ఘాటు, వెనిగర్ పులుపు తగిలాక ముఖం విప్పారింది. పళ్లెం తన వైపు జరుపుకుని అన్నంలో కలుపుకున్నారు. రెండు రోజుల తర్వాత ఆవిడ కడుపు నిండా తినడం చూశాను.

శాకాహారులు వెంట ఉంటే బుద్ధిగా ఇదే చోటు ముందు పెట్టుకోండి, పేరున్న మిగతావి తర్వాత చూసుకోవచ్చు. మేం నాలుగో రోజు కూడా అక్కడికే వెళ్లాం.

ఇంటికొచ్చిన వారానికి అత్తయ్య బంగాళాదుంప, క్యారెట్ ఉడకబెట్టి మెదిపి, అల్లం దండిగా వేసి చేశారు. వెనిగర్ బదులు నిమ్మకాయ పిండారు.