హరికథకు క్యాప్షన్లు: సబ్‌టైటిల్ ఎడిట్ ఎలా ఉందంటే

మా నాన్నగారు హరిదాసు. ఆయన పాత కథల రికార్డింగులు యూట్యూబ్‌లో పెడుతున్నాను. వినికిడి తగ్గిన మా పెద్దమ్మ లాంటివాళ్ల కోసం తెలుగు క్యాప్షన్లు కావాల్సొచ్చాయి. వీడియో మీదే అతికించేసినట్టు కాదు, కావాలన్నవాళ్లు సీసీ బటన్ నొక్కి చూసుకునేలా. ముందు నెలనెలా డబ్బు కట్టి ఒక వెబ్‌సైట్ వాడాను. నెట్ కాస్త నెమ్మదిస్తే చాలు, టైప్ చేసింది గాల్లో కలిసిపోయేది. ఆ టెన్షన్ పడలేక విండోస్‌లో ఉచితంగా దొరికే సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారాను.

చూడ్డానికి పాతకాలం ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. పని మాత్రం చకచకా సాగుతుంది. క్రియేట్ ట్యాబ్‌లో ఉండి, మాట మొదలైనచోట ఎఫ్11, ఆగినచోట ఎఫ్12 నొక్కితే టైమ్ పడిపోతుంది. కింద వేవ్‌ఫారమ్, అంటే శబ్దం ఎత్తుపల్లాల గీత, కనిపిస్తుంది. దానికి కావాల్సిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకోమని అదే అడుగుతుంది, సరే అనండి. నాన్నగారు వచనం చెబుతున్నంతసేపూ వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ స్పష్టంగా తెలుస్తుంది. పద్యం ఎత్తుకున్నారా, చిడతలూ మృదంగమూ కలిసి ఆ వేవ్‌ఫారమ్ అంతా అడవైపోతుంది. అక్కడ చెవినే నమ్ముకోవాలి. మాటలు విని తానే రాసిపెట్టే సదుపాయమూ ఉంది గానీ, రాగం తీసి పాడిన సీసపద్యాన్ని నేను మెషీన్ చేతిలో పెట్టను. మొత్తం టైప్ చేసుకుంటాను. [చిడతలు], [జనం నవ్వులు] అని కూడా రాస్తాను, నవ్వెందుకు వచ్చిందో పెద్దమ్మకూ తెలియాలిగా.

బాగా నచ్చింది సింక్రొనైజేషన్ మెనూ. అంతా అయ్యాక వీడియో ముందు నాలుగు సెకన్ల టైటిల్ చేర్చామనుకోండి, క్యాప్షన్లన్నీ ఒకేసారి నాలుగు సెకన్లు ఆలస్యంగా వచ్చేలా జరపొచ్చు.

లైను పొడవైనా, చదివే టైమ్ చాలకపోయినా ఎర్రగా చూపిస్తుంది. మనం ఒక్క అక్షరం అనుకునే ఒత్తక్షరం దాని లెక్కలో ఒకటి కాదు. అందుకే ఆ ఎరుపుకి ప్రతిసారీ కంగారు పడను. పెద్దమ్మ చదవగలిగితే నాకు చాలు.

చివర్లో ఎస్ఆర్‌టీ ఫైల్‌ని (క్యాప్షన్లూ వాటి టైమ్‌లూ ఉండే ఫైల్) యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లోనే సేవ్ చేయండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయే ప్రమాదం ఉంది. యూట్యూబ్‌లో ఎక్కించేటప్పుడు భాష తెలుగు అని పెట్టి, ‘విత్ టైమింగ్’ ఎంచుకోండి.