గాయత్రి ఎస్టేట్‌లో రొమ్ము పరీక్షలు: ఫొటోకు నాలుగు స్టార్లు, సీసాకు రెండే

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మళ్లీ తీయించమన్న చీటీతో ఆదోని, నంద్యాల నుంచి కర్నూలు వచ్చేవాళ్ల కోసం, గాయత్రి ఎస్టేట్‌లోని ఒక సెంటరు మీద ఈ రివ్యూ. సెంటరు పేరు అక్కర్లేదు, ఎక్కడికి పోయినా అడగాల్సినవి ఇవే.

ముందు ఒక మాట. రిపోర్టులో అనుమానం ఎంతో చెప్పే అంకెను బైరాడ్స్ అంటారు. ‘బైరాడ్స్ 0’ అని ఉంటే క్యాన్సర్ అని కాదు, తీసిన ఫొటోలు చాలలేదని. ఇక్కడ అనుమానమున్న చోట చిన్న పలకతో నొక్కి మళ్లీ తీస్తారు. కణజాలం ఒకదాని మీదొకటి పడి గడ్డలా కనబడి ఉంటే చాలామటుకు విడిపోతుంది. అసలు గడ్డయితే నొక్కినా అట్లే ఉంటుంది. వెంటనే పక్క గదిలోనే అల్ట్రాసౌండ్ స్కానింగ్, రెండూ చూసేది ఒకే డాక్టరు. అది నిజంగా మెచ్చుకోవాలి. తీసేది ఆడమనిషే.

ఫోన్‌లో అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు మాత్రం పౌడరు, సెంటు వద్దని చెప్పరు. మన ఎండలకు పౌడరు కొట్టుకోకుండా గడప దాటేదెవరు? ఆ రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా పడి లేనిపోని అనుమానం తెస్తాయి. పాత ఫిల్ములు తెమ్మని కూడా చెప్పరు. పోల్చేందుకు అవి లేకపోతే కొన్నిసార్లు పని సగంలోనే ఆగుతుంది.

బైరాడ్స్ 3 అయితే సాధారణంగా 6 నెలలకు మళ్లీ చూస్తారు. 4, 5 అయితే ముక్క పరీక్ష (బయాప్సీ). సన్నసూదితో కణాలు లాగే పరీక్షతో (ఎఫ్ఎన్ఏసీ) సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. అందులో విడి కణాలే వస్తాయి, జబ్బు పక్క కణజాలంలోకి పాకిందా లేదా తేలదు. ఇక్కడ స్కానింగ్‌లో చూస్తూ, మత్తు సూది వేసి, 14 గేజ్ (సూది లావు కొలత) గన్‌తో తీస్తారు. ‘టప్’మని శబ్దం, సేమ్యా ముక్కంత తెల్లటి పోగు. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేస్తే మునగాలి. తేలితే అది కొవ్వు కావచ్చు, ఇంకోటి తీయమని అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి.

స్టార్లు పోయింది సీసా దగ్గర. ఫార్మలిన్ ముక్కకు పదింతలుండాలి. సీసా మీద ఏ వైపు రొమ్మో, ఎన్ని గంటలకు వేశారో రాయాలి. ఇక్కడ పేరు తప్ప ఏమీ రాయరు. ముక్క ఫార్మలిన్‌లో ఉండాల్సింది 6 నుంచి 72 గంటలు. ఆ లెక్క తప్పితే ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాలను నమ్మలేం. శనివారం సాయంత్రం తీస్తే సోమవారం దాకా ఇక్కడే, ఆ తర్వాతే హైదరాబాద్ ల్యాబుకు. అందుకే సోమవారం నుంచి గురువారం లోపల పెట్టుకోండి. ఆ మూడు పరీక్షలకు బిల్లు వేరేనని కూడా చివర్లో చెప్తారు. బ్లాకు (మైనంలో పెట్టిన ముక్క), స్లైడ్లు (దాని కోతలున్న గాజు పలకలు) అడిగి తీసుకోండి, పెద్దాసుపత్రిలో మళ్లీ చూస్తామంటారు.

ఇంకొకటి. ఫొటోలో బైరాడ్స్ 5 ఉండి ముక్క పరీక్షలో ‘ఏమీ లేదు’ అని వస్తే ఊపిరి పీల్చుకోవద్దు. సూది గడ్డలో పడకపోయి ఉండొచ్చు, మళ్లీ తీయాలి. ఈ సెంటరు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడదు. రెండు కాగితాలూ పట్టుకుని సర్జన్ దగ్గరకు మీరే పోవాలి.