పాత వినైల్ రికార్డులు అమ్మడానికి డిస్కాగ్స్: డబ్బులొస్తాయి, చాకిరీ మనదే

ఇంట్లో ఉన్న ఎల్పీలన్నీ ఒక్కసారే వదిలించుకోవాలనుకుంటే డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్ జోలికి వెళ్లకండి, టోకున కొనే దుకాణమే మేలు. ఒక్కో రికార్డుకీ తగిన ధర రావాలంటే మాత్రం ఇదే సరైన చోటు. 2000లో రికార్డుల జాబితాగా మొదలైంది కాబట్టి, ఇప్పటికీ దీని బలమంతా ఆ జాబితాలోనే ఉంది. ఒకే ఆల్బమ్‌కి ఎన్ని ముద్రణలొస్తే అన్ని పేజీలు. ఇదివరకు ఎంతకి అమ్ముడుపోయిందో కనిష్ఠం, మధ్యస్థం, గరిష్ఠం అక్కడే కనిపిస్తాయి.

చిక్కంతా సరైన పేజీ పట్టుకోవడంలోనే. మొదటి ముద్రణకీ, ఏళ్ల తర్వాత వేసిన రీప్రెస్‌కీ అదే కేటలాగ్ నంబరు ఉండొచ్చు, ధరలో మాత్రం బోలెడు తేడా. లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి పట్టీ మీద గీసిన, గుద్దిన అక్షరాలుంటాయి. అదే మ్యాట్రిక్స్. టార్చి ఏటవాలుగా వేస్తే చదవొచ్చు. రెండు వైపులవీ పేజీలో ఉన్నవాటితో పోల్చుకోండి. తప్పు పేజీలో పెడితే సరుకు తిరిగొస్తుంది, రానూపోనూ పోస్టేజీ మీ నెత్తినే.

రికార్డు ఎంత బాగుందో చెప్పే గ్రేడు గోల్డ్‌మైన్ (రికార్డు సేకర్తల పత్రిక) పద్ధతిలో ఇవ్వాలి, డిస్కుకి ఒకటి, అట్టకి ఒకటి. ఒకే బల్బు కింద డిస్కుని అటూ ఇటూ వంచి చూడండి. కాగితపు కవరు రాపిడికి పడ్డ వెంట్రుకవాసి గీతలు సాధారణంగా వినపడవు, వాటికి వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్, అంటే వీజీ కన్నా ఒక మెట్టు పైది) ఇవ్వొచ్చు. గోరుకి తగిలే గీతైతే నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో 1.8 సెకన్లకోసారి టిక్కుమంటుంది, దానికి వీజీ కూడా ఎక్కువే కావచ్చు. పీవీసీ కవర్లలో ఏళ్లతరబడి ఉన్నవాటి మీద పాలపొరలాంటి మచ్చ పడుతుంది. అది కడిగినా పోదు, వింటే బుస్సుమంటుంది. పాత సరుకుకి 'నియర్ మింట్' (దాదాపు కొత్తది) అని రాసే అమ్మకందార్లలో ఆశావాదులే ఎక్కువ.

2023లో కమీషన్ 8 నుంచి 9 శాతానికి పెరిగింది, పోస్టేజీ మీద కూడా పడుతోంది. పేమెంటు సంస్థ కోత వేరే. చౌక రికార్డుల మీద చివరికి మిగిలేది శ్రమే. పేజీలో 'కావాలి' అన్నవాళ్లు కొద్దిమందే ఉండి, అమ్మకానికి పెట్టిన కాపీలు గుట్టగా ఉంటే మధ్యస్థ ధర చూసి మురిసిపోవద్దు. అలాంటివన్నీ టోకు కట్టలో వేసేయండి.

ప్యాకింగ్‌లో అందరూ చేసే పొరపాటు డిస్కుని అట్టలోనే ఉంచి పంపడం. దారిలో పార్సిల్ కిందపడితే డిస్కు అంచు అట్ట కుట్టుని చీల్చేస్తుంది. లోపలి కవరుతో సహా బయటికి తీసి, అట్ట వెనకాల పెట్టి, రెండిటినీ ఒకే పాలిథిన్ కవర్లో దూర్చండి. ముందొకటి, వెనకొకటి ముడతల అట్టముక్కలు పెట్టాలి. ఒకదాని గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే పార్సిల్ వంగదు. ముక్కలు కవరుకన్నా కొంచెం పెద్దవిగా ఉంటేనే మూలలు నలగవు.

లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులకి ఈ ప్యాకింగ్ చాలదు, పెట్టెలో పెట్టె కావాలి, మధ్యలో నాలుగు వైపులా మెత్త. వాటిని ఆల్కహాల్ ఉన్న క్లీనర్‌తో తుడిచారా, లక్క కరిగిపోతుంది.