క్యాలరీ యాప్ గ్రాఫ్ చూసి ప్రీమియం కట్టబోతున్నారా, ఒక్క నిమిషం ఆగండి (నాకు 72 కేజీలు అంది, 79.7 దగ్గరున్నా)

నిన్న జనవరి 4. సెప్టెంబర్ 14న యాప్ నాకిచ్చిన డేట్ అదే, ఆ రోజుకి నేను 84 నుంచి 72కి దిగిపోతానంట, సంక్రాంతికి అత్తారింటికి వెళ్ళేసరికి పాత షర్టులన్నీ పట్టేస్తాయని నేనూ నమ్మేశా. పొద్దున్నే పరగడుపున మిషన్ ఎక్కితే 79.7. చెప్పింది 12 కేజీలు, తగ్గింది 4.3, కట్టింది 2,999 రూపాయలు. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ బాపతువి చాలా ఉన్నాయి, ఒకదాని పేరు చెప్తే మిగతావన్నీ మంచివేమో అనుకుని అందులో కడతారు.

ఇన్‌స్టాల్ చేయగానే ప్రశ్నలు మొదలవుతాయి, నలభై దాకా ఉంటాయి. నిద్ర ఎలా పడుతుంది, టెన్షన్‌లో ఎక్కువ తింటారా, ఇంతకుముందు డైటింగ్ మొదలెట్టి మానేశారా, దగ్గర్లో పెళ్ళిళ్ళు ఫంక్షన్లు ఏమైనా ఉన్నాయా, అన్నీ ఓపిగ్గా నొక్కా. చివర్లో ఒక గుండ్రం గిర్రున తిరుగుతూ మీ మెటబాలిజం విశ్లేషిస్తున్నాం అంటది. తర్వాత ఆకుపచ్చ గీత, 84 దగ్గర మొదలై జారుడుబల్లలా వచ్చి 72 దగ్గర ఆగుతుంది, దాని కింద తారీఖు. పైన 10 నిమిషాల టైమర్, ఈలోపు తీసుకుంటే సగం రేటు. (ఆ టైమర్ అయిపోయాక యాప్ మూసి మళ్ళీ తెరిచా, మళ్ళీ 10 నుంచే మొదలైంది.)

డిసెంబర్‌లో అనుమానం వచ్చి మా ఆవిడ ఫోన్‌లో అదే యాప్ వేసి, నా పాత బరువు, ఎత్తు, వయసు, టార్గెట్ అవే పెట్టి మిగతా ప్రశ్నలన్నిటికీ ఉల్టా జవాబులు ఇచ్చా. నిద్ర లేదు అన్నా, రోజూ మందు తాగుతా అన్నా, పదిసార్లు డైటింగ్ ఫెయిల్ అయ్యా అన్నా. అప్పుడు కూడా సరిగ్గా 16 వారాలే చూపించింది, ఒక్క రోజు తేడా లేదు. అంటే ఆ నలభై ప్రశ్నల్లో లెక్కలోకి వెళ్ళేవి అయిదో ఆరో, మిగతావన్నీ మనం టైమ్ పెట్టాం కదా ఇక కట్టేద్దాం అనిపించడానికి.

ఇక ఆ లెక్క ఏంటో చూద్దాం. ఇలాంటి యాప్‌లలో ఎక్కువ శాతం వాడేది మిఫ్లిన్ సెయింట్ జోర్ అనే ఫార్ములా, 1990లో అమెరికాలో 498 మందిని కొలిచి తయారు చేసింది. బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో గుణించి కలిపి, వయసుని 5తో గుణించి తీసేసి, మగాళ్ళకి 5 కలుపుతారు, ఆడవాళ్ళకి 161 తీసేస్తారు. నాకు 41 ఏళ్ళు, 170 సెంటీమీటర్లు, 84 కేజీలు, వేసుకుంటే రోజుకి 1,702 క్యాలరీలు వచ్చింది. ఊరికే పడుకున్నా ఒంటికి అయ్యే ఖర్చు అది. ఫార్ములా చెడ్డదేం కాదు, కానీ అది సగటు, మనలో ఒక్కొక్కరికి పది శాతం అటూ ఇటూ ఉండటం మామూలే.

నేను బోల్తా పడింది దీని తర్వాత స్టెప్‌లో. రోజంతా కూర్చునేవాళ్ళైతే 1.2తో గుణించాలి, కొంచెం తిరిగేవాళ్ళైతే 1.375తో. నాది పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీ ఉద్యోగం, సాయంత్రం ఓ అరగంట కాలనీ పార్కులో నడుస్తా, అంతే. కానీ ఎవడైనా 'నేను కదలను' అని నొక్కుతాడా? కొంచెం యాక్టివ్ అని నొక్కా. 2,043 రావాల్సింది 2,341 అయింది, అంటే రోజుకి 300 క్యాలరీలు గాల్లోంచి వచ్చిపడ్డాయి. పైగా చేతికి వాచ్ కట్టుకుని యాప్‌కి కలిపా, అది నడిచినప్పుడల్లా మీకు ఇంకో 180 మిగిలాయి తినండి అనేది. ఏ నడక పేరు చెప్పి యాక్టివ్ అన్నానో అదే నడక రెండోసారి లెక్కలోకి వస్తోందన్నమాట, మొదటి నెలంతా ఆ 180కి రెండు బిస్కెట్లు, ఒక టీ ఎక్స్‌ట్రా లాగించా. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2017లో ఏడు రకాల వాచ్‌లు టెస్ట్ చేస్తే గుండె వేగం చాలావరకు బానే చూపించాయి గానీ క్యాలరీల్లో అన్నిటికంటే మంచిది కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది, చెత్తది 93 శాతం. మీ వాచ్ చూపించే నంబర్‌ని నమ్మి తినకండి బాబూ.

ఇప్పుడు వంటింటి సంగతి, అసలు తేడా ఇక్కడే ఉంది. నేను కూర రాసేటప్పుడు తాలింపుకి రెండు చిన్న స్పూన్ల నూనె అని రాసేవాణ్ణి, తొంభై క్యాలరీలు. ఒకరోజు మా ఆవిడ బెండకాయ వేపుడు చేస్తుంటే పక్కన నిలబడి చూశా. స్పూనూ లేదు ఏమీ లేదు, ప్యాకెట్ మూల కత్తిరించి డబ్బాలో పోసుకుంటుంది, డబ్బా వంచితే మూకుట్లో సన్నటి ధార, ఆపాలనిపించినప్పుడు ఆపుతుంది, మధ్యలో బెండకాయలు జిగురుగా ఉన్నాయని ఇంకోసారి వంచింది. నేను స్పూన్ తీసుకెళ్ళబోతే 'మీ యాప్ వచ్చి వండుతుందా' అంది. సరే అని ఇంకో దారి పట్టా. మా ఇంట్లో ముగ్గురం, నెలకి నాలుగు లీటర్ ప్యాకెట్లు అవుతాయి, ప్యాకెట్ మీద 910 గ్రాములు అని ఉంటుంది. మొత్తం 3,640 గ్రాములు, ముగ్గురికి ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 40 గ్రాములు, గ్రాముకి 9 చొప్పున 360 క్యాలరీలు. మూకుట్లో మిగిలింది, పారబోసింది కొంత తీసేసినా నేను రాస్తున్న తొంభైకీ దీనికీ కనీసం 250 తేడా. నెయ్యి ఇందులో లేదు. మీ ఇంటికి కూడా ఇలా వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

అన్నం ఇంకో గోల. యాప్‌లో రైస్ అని కొడితే 100 గ్రాములకి 130 అని ఒకటి, 350 అని ఒకటి వస్తాయి. రెండూ కరెక్టే, మొదటిది వండింది, రెండోది బియ్యం, కానీ అక్కడ ఆ ముక్క రాసుండదు. గోంగూర పచ్చడి వెతికితే ఎవరో ఉత్త ఆకుకి లెక్కేసి ఎక్కించారు, నూనె ఊసే లేదు. ఎవరుబడితే వాళ్ళు ఎక్కించేవే ఇందులో చాలా. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల మన ఆహార పదార్థాల పట్టికలు వేసింది, వాటిని చూసుకున్నా సగం గొడవ తగ్గేది.

ఇదంతా నా ఒక్కడి బద్ధకం అనుకోకండి. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే అమెరికా వైద్య పత్రికలో ఒక స్టడీ వచ్చింది, ఎంత డైటింగ్ చేసినా తగ్గట్లేదు అనేవాళ్ళ తిండిని నిజంగా కొలిచి చూస్తే, వాళ్ళు రాసుకున్నది అసలు తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ, కదిలామని చెప్పింది 51 శాతం ఎక్కువ. వాళ్ళేం కావాలని అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నా లెక్క మళ్ళీ వేస్తా చూడండి. యాప్ నాకు రోజుకి 1,516 తినమంది. నా నిజమైన ఖర్చు 2,043 అనుకుంటే లోటు 527, అందులో నూనె 250 పోతే 277. 112 రోజులకి దాదాపు 31,000, ఒక కేజీ తగ్గాలంటే 7,700 క్యాలరీల లోటు కావాలంటారు, ఆ చొప్పున వేస్తే 4 కేజీలు. నాకు తగ్గింది 4.3. యాప్ చూపించిన 12 ఎక్కడా లేదు, ఉన్నదంతా ఈ నాలుగే.

ఆ కేజీకి 7,700 అన్నది కూడా 1958లో విష్నోఫ్‌స్కీ అనే డాక్టర్ చెప్పిన పౌండుకి 3,500 అన్న లెక్కే, దాన్ని పట్టుకుని గీత తిన్నగా గీసేస్తారు. ఒళ్ళు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది, గీత వంగుతుంది. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ అనే ఆయన టీమ్ 2011లో దీని మీద పేపర్ వేసింది. రోజుకి 100 క్యాలరీలు తగ్గిస్తే పాత లెక్కలో ఏడాదికి 4.7 కేజీలు పోవాలి, అలా ఏటా పోతూనే ఉండాలి. వాళ్ళ లెక్కలో చివరికి మొత్తం పోయేదే 4 కేజీల చిల్లర, అందులో సగం మొదటి ఏడాదిలో, మిగతాదానికి ఇంకో రెండేళ్ళు. వాళ్ళదే బాడీ వెయిట్ ప్లానర్ అని ఒక ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్ ఉంది, ఫ్రీ. 2,999 అక్కర్లేదు.

మరి ముందే ఎందుకు తెలీలేదు అంటారు కదా. ట్రయల్ ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో నాకు 1.6 కేజీలు తగ్గింది! మీరు ప్లాన్ కంటే ముందున్నారు అని యాప్‌లో పటాసులు పేలాయి, నేను స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టా, మా పిన్ని దండం ఎమోజీ పెట్టింది. అందులో ఎక్కువ భాగం నీళ్ళని తర్వాత తెలిసింది. అన్నం తగ్గించగానే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (ఒళ్ళు నిల్వ చేసుకునే పిండిపదార్థం) ఖర్చవుతుంది, గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు పోతాయి. ఏ డైట్ మొదలెట్టినా మొదటి వారం ఇలాగే ఉంటుంది, ట్రయల్ కూడా సరిగ్గా ఆ వారమే ఉంటుంది. డబ్బులు కట్ అయ్యే ముందు రోజు బ్యాంక్ మెసేజ్ కూడా వచ్చింది, నేనే సంతోషంగా వదిలేశా.

ఆ తర్వాత నుంచి డేట్ జరగడం మొదలైంది. జనవరి 4 కాస్తా 19 అయింది, తర్వాత ఫిబ్రవరి, ఇప్పుడు ఏప్రిల్ చూపిస్తోంది. పాత గీత ఎక్కడా ఉండదు, మొదటి రోజు స్క్రీన్‌షాట్ నా దగ్గర లేకపోతే నేనే ఏప్రిల్ అనుకునేవాణ్ణేమో. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి రాత్రి పలహారం రాసి డే కంప్లీట్ నొక్కితే, ఇలాగే తింటే 5 వారాల్లో మీరు 73.7 అంది, అప్పుడు నా బరువు 81.4. రోజూ 600 క్యాలరీలు తిని బతకమనా? ఒక్క మాట హెచ్చరిక లేదు. వెనకబడ్డానని టార్గెట్ కూడా 1,290కి దించింది, అలా నాలుగు రోజులుంటే తలనొప్పి, ఇంట్లో అందరి మీదా చిరాకు, మానేశా. మా బావ కూడా ఇదే తీసుకుంటా అన్నాడు, ఆయనకి షుగర్ టాబ్లెట్లు ఉన్నాయి, డాక్టర్ని అడిగితే తిండి అంత తగ్గిస్తే టాబ్లెట్ డోసు మార్చాలి లేకపోతే షుగర్ పడిపోతుంది అన్నాడంట. షుగర్ మందులు వాడేవాళ్ళు దయచేసి యాప్ మాట విని తిండి కోయకండి.

యాప్ మొత్తం దండగ అనను. రాసుకోవడం వల్లే సాయంత్రం మిక్చర్ మానేశా, ఆ నాలుగు కేజీలు దాని పుణ్యమే. కానీ రాసుకోవడానికి ఫ్రీ వెర్షన్ చాలు, నోట్‌బుక్ అయినా చాలు. నేను ఇప్పుడు రోజూ బరువు చూసి వారానికి సగటు తీస్తున్నా, అంతకుమించి ఏ గీతా చూడట్లేదు.

రిఫండ్ అడిగితే ఫలితాలు మనిషిని బట్టి మారతాయని నిబంధనల్లో ఉంది అని రెండు లైన్ల మెయిల్. నిజమే, ఉంది, గ్రాఫ్ కింద బూడిద రంగులో, జూమ్ చేస్తే కనపడేంత. 1915కి, అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ పెట్టా, ఇలాంటి దొంగ టైమర్లు, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చులు డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్ళని బోల్తా కొట్టించే యాప్ ట్రిక్కుల) కింద వస్తాయని 2023 నవంబర్‌లోనే సెంట్రల్ గైడ్‌లైన్స్ ఉన్నాయి, ఇంకా ఏమీ తేలలేదు. ఇప్పటికే ట్రయల్ నొక్కేసినవాళ్ళు ఉంటే, యాప్ డిలీట్ చేసినంత మాత్రాన ఆగదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి క్యాన్సిల్ కొట్టాలి, యూపీఐలో కట్టుంటే ఆటోపే లిస్టు కూడా చూసుకోండి. అక్కడ ఎక్కడుందో దొరక్కపోతే అడగండి, నేను పోయినవారమే నాది తీసేశా, చెప్తా.