సర్వర్ కార్డులో సింక్‌ఈ: చాన్నాళ్లు వాడాక

హైదరాబాద్‌లో మేం 5జీ బేస్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ పరీక్షించే ల్యాబ్‌లో ఎక్కువ సర్వర్లలో ఇంటెల్ ఈ810 ఎక్స్‌ఎక్స్‌వీడీఏ4టీ నెట్‌వర్క్ కార్డులే ఉన్నాయి. నాలుగు 25 గిగాబిట్ పోర్టులు, క్లాక్ సిగ్నల్ కోసం రెండు ఎస్‌ఎమ్‌ఏ కనెక్టర్లు, కార్డు మీదే డీపీఎల్‌ఎల్ (వచ్చే క్లాక్‌ని పట్టుకుని దానికి లాక్ అయ్యేది), ఓసీఎక్స్‌ఓ (ఒకే వేడిలో ఉంచడం వల్ల నిలకడగా ఉండే క్రిస్టల్ గడియారం). రెండేళ్ల పైచిలుకు వీటి మీద, ఈథర్‌నెట్ లింకు మీదే క్లాక్ ఫ్రీక్వెన్సీ చేరవేసే సింక్రనస్ ఈథర్‌నెట్, అదే మనం సింక్‌ఈ అనేది, నడుపుతున్నాను. కార్డుతో నాకు పేచీ లేదు. తలనొప్పంతా కార్డుకీ గ్రాండ్‌మాస్టర్‌కీ (నెట్‌వర్క్ మొత్తానికి టైమ్ ఇచ్చే అసలు గడియారం) మధ్య దారిలోనే. మామూలు సర్వర్లు టైమ్ సరిచేసుకునే ఎన్‌టీపీతో మీ పని గడిచిపోతుంటే మాత్రం దీని జోలికి వెళ్లకండి, దాన్ని నడిపే క్రోనీ ప్రోగ్రామ్ చాలు.

పీటీపీ (ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్) ఉండగా ఇదెందుకు అని కొత్తగా వచ్చినవాళ్లంతా అడుగుతారు. పీటీపీ టైమ్ ఇస్తుంది, ప్యాకెట్ల మీద. సింక్‌ఈ ఫ్రీక్వెన్సీ మాత్రమే ఇస్తుంది, అదీ లింకు మీద బిట్లు వచ్చే వేగం నుంచే. నెట్‌వర్క్‌లో ట్రాఫిక్ ఎంతున్నా దానికి పట్టదు. పీటీపీ సాఫీగా నడిచే రోజున సింక్‌ఈ ఉన్నా లేకున్నా ఆఫ్‌సెట్‌లో, అంటే గ్రాండ్‌మాస్టర్ టైమ్‌కీ మన టైమ్‌కీ ఉన్న ఎడంలో, పెద్ద తేడా కనిపించదు. పీటీపీ తడబడినప్పుడే దీని విలువ తెలిసేది. పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా చేసే టీడీడీ రేడియోకి మనకున్న వెసులుబాటు అటూ ఇటూ 1.5 మైక్రోసెకన్లు. ఓసీఎక్స్‌ఓ లేని మామూలు కార్డులో ర్యాక్ తలుపు తీస్తే వచ్చే ఏసీ గాలికే క్రిస్టల్ కదులుతుంది, పీటీపీ లేని కాసేపట్లోనే ఆ వెసులుబాటు కరిగిపోతుంది. సింక్‌ఈ లాక్‌లో ఉన్న ఈ కార్డులో పీటీపీ ఆపేసి, టీ తాగి వచ్చి చూసినా హద్దు దాటలేదు.

సెటప్ ఇప్పుడు చాలా నయం. ఒకప్పుడు డ్రైవర్ ఇచ్చిన సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌లోకి "1 0" అని ఎకో చేసి, రికవర్డ్ క్లాక్ (లింకు నుంచి తీసిన క్లాక్) డీపీఎల్‌ఎల్ ఏ పిన్‌కి వెళ్లిందో ఊహించుకోవాల్సి వచ్చేది. లినక్స్ కెర్నెల్ 6.7లో డీపీఎల్‌ఎల్ సబ్‌సిస్టమ్ వచ్చాక ఏ పిన్ కనెక్ట్ అయింది, లాక్ పడిందా, హోల్డోవర్‌లో (సోర్స్ పోయాక సొంత క్రిస్టల్ మీద నెట్టుకొచ్చే స్థితి) ఉందా అన్నీ కెర్నెల్‌తో మాట్లాడే నెట్‌లింక్‌లోనే చూసుకోవచ్చు. పైన సింక్‌ఈ4ఎల్ డెమన్ నడిపితే అవతలి క్లాక్ క్వాలిటీ ఎంతో చెబుతూ సెకనుకోసారి వచ్చే ఈఎస్‌ఎమ్‌సీ ప్యాకెట్లు చదివి, క్వాలిటీ బాగున్న పోర్టును అదే ఎంచుకుంటుంది. కాన్ఫిగ్‌లో నెట్‌వర్క్ ఆప్షన్ దగ్గర జాగ్రత్త. మన దగ్గర 1, అమెరికాలో 2. అక్కడి టీమ్ పంపిన ఫైల్ ఉన్నదున్నట్టు పెడితే, ఇక్కడి స్విచ్ పీఆర్‌సీ (అత్యుత్తమ క్వాలిటీ) అని పంపే కోడ్ దానికి అర్థం కాదు. ఇంకోటి: ముందు సింక్‌ఈ లాక్ అవ్వనివ్వండి, పీటీపీ నడిపే పీటీపీ4ఎల్ తర్వాతే మొదలుపెట్టండి. తారుమారైతే డీపీఎల్‌ఎల్ సోర్స్ మారగానే పీటీపీ సర్వో, అంటే గడియారాన్ని సరిచేసే భాగం, ఒక్క కుదుపు కుదుపుతుంది.

స్విచ్ వైపు లాగ్‌లో మన సర్వర్ నుంచి "డూ నాట్ యూజ్" (నా క్లాక్ వాడొద్దు) వస్తోందని నెట్‌వర్క్ టీమ్ టికెట్ వేస్తే కంగారు పడకండి. క్లాక్ తీసుకుంటున్న పోర్టు మీద తిరిగి అదే పంపాలి, లేకపోతే ఇద్దరూ ఒకరి గడియారం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు.

అసలు తిప్పలు మాత్రం ఒక చిన్న మాడ్యూల్ పెట్టింది. ఒక సర్వర్‌కి ఫైబర్ తీసేసి, రాగి కేబుల్ కోసం ఆర్‌జే45 ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో దూర్చే మాడ్యూల్) పెట్టారు. లింక్ వచ్చింది. ఈఎస్‌ఎమ్‌సీలో క్వాలిటీ పీఆర్‌సీ. డీపీఎల్‌ఎల్ స్టేటస్ లాక్డ్. అంతా పచ్చగా ఉంది, రేడియో మాత్రం అలారం కొడుతోంది. చివరికి దొరికింది పీటీపీ4ఎల్ లాగ్‌లోని ఫ్రీక్ విలువ (గడియారం వేగాన్ని ఎంత సవరిస్తోందో) దగ్గర: మిగతా సర్వర్లలో సున్నా చుట్టూ కొద్ది పీపీబీల్లో (వంద కోట్లలో ఒక వంతు) ఉంటే, ఇక్కడ మూడు వేలు దాటింది. ఇలాంటి మాడ్యూళ్లలో చాలావాటికి లోపల సొంత చిప్, సొంత క్రిస్టల్ ఉంటాయి. అటునుంచి వచ్చిన క్లాక్ అక్కడే ఆగిపోతుంది, కార్డు లాక్ అయింది ఆ మాడ్యూల్ క్రిస్టల్‌కి. ఈఎస్‌ఎమ్‌సీ మామూలు ప్యాకెట్టే కాబట్టి అది హాయిగా దాటి వచ్చి "క్లాక్ బ్రహ్మాండం" అని చెబుతూనే ఉంది. దీన్ని పట్టుకోవడం సింక్‌ఈ4ఎల్ వల్ల కాదు, అది చూసేది ప్యాకెట్‌నీ లాక్‌నీ. అందుకే ఇప్పుడు మా మానిటరింగ్‌లో లాక్ స్టేటస్ ఒక్కటే నమ్మం. లాక్డ్ అంటూనే ఫ్రీక్ వంద పీపీబీ దాటితే మెసేజ్ వస్తుంది, రాగానే మొదట ఎస్‌ఎఫ్‌పీ ఏం పెట్టారో చూస్తాం.