పారో లోయలో రైతు ఇంటి హోమ్‌స్టే

భూటాన్ వెళ్లేవాళ్లు పారోలో హోటల్ మానేసి ఏదైనా రైతు ఇంట్లో దిగండి. మేమిద్దరం అలాగే దిగాం. మందపాటి మట్టిగోడల పాత ఇల్లు, పై అంతస్తులో మా గది. పడకలు శుభ్రంగా ఉన్నాయి. మెట్లు మాత్రం నిట్టనిలువు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెప్పి కింది గది అడగాలి. ఇంటాయన హిందీ బాగా మాట్లాడతారు.

భోజనం ఎర్రబియ్యం అన్నం, ఎమా దత్షి. అందులో పచ్చిమిరపకాయలే కూర, చీజ్ వేసి ఉడికిస్తారు. గుంటూరు వాళ్లం, మాకే గట్టిగా తగిలింది. కారం పడనివాళ్లు బంగాళాదుంపలతో చేసే కెవా దత్షి అడగండి.

వదులుకోకూడనిది రాళ్ల స్నానం, దొత్షో. ఏటి రాళ్లను కట్టెల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో తెచ్చి చెక్కతొట్టిలో వదులుతారు. మధ్యలో చిల్లుల పలక అడ్డం ఉంటుంది, కాలిన రాయి అటు, మనం ఇటు. రాయి పడగానే నీళ్లు చుయ్‌మంటాయి, అందులో వేసిన మాచిపత్రి జాతి ఆకు ఘాటుగా వాసనేస్తుంది. నడుం నొప్పికి ఎంత హాయో! డబ్బు వేరే ఇవ్వాలి. రాళ్లు కాలడానికి చాలాసేపు పడుతుంది, మధ్యాహ్నమే చెప్పుకోండి.

నేను కరెంటు శాఖలో చేసి రిటైరయ్యాను, మాటలు అటే మళ్లాయి. ఇక్కడి జలవిద్యుత్ కేంద్రాల్లో చుఖా 336 మెగావాట్లు, తాలా 1020. మనకు అమ్మే కరెంటే ఈ దేశానికి పెద్ద రాబడి. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బాగా వెనకబడిన దేశాల జాబితా నుంచి బయటపడింది కూడా. కానీ చలికాలం నదులు సన్నబడితే తిరిగి మన దగ్గరే కొనుక్కోవాలి. పైగా ప్రాజెక్టు కట్టడం అయిపోయాక పవర్‌హౌస్ నడపడానికి ఎంతమంది కావాలి? చదువుకున్న పిల్లలు ఆస్ట్రేలియా బాట పడుతున్నారు. ఈ ఇంటి కొడుకు, కోడలు పెర్త్‌లోనే ఉన్నారు.

మన దేశం నుంచి వెళ్లే పర్యాటకులకు భూటాన్ వేసే, మనిషికి రాత్రికి 1200 రూపాయల ప్రభుత్వ రుసుము మీద చాలామంది విసుక్కుంటారు. నాకైతే సబబే అనిపించింది. ఎనిమిది లక్షల జనం కూడా లేని దేశం, ఇరుకు లోయలు, మందలుగా వచ్చి పడితే తట్టుకోలేదు. అయితే అది ఖజానాకు పోతుంది. ఇంటికిచ్చేది ఊళ్లోనే తిరుగుతుంది: బియ్యం వాళ్ల పొలానివే, గుడ్లు పక్కింటివి, రాళ్లు కాల్చే కుర్రాడికి కూలి. పిల్లలు ఊళ్లో నిలబడాలంటే ఇలాంటి సంపాదనే పెరగాలి. అందుకే బేరం ఆడకండి.

ఇక్కడి డబ్బు నుల్‌ట్రమ్, మన రూపాయితో సమానం, మన వంద నోట్లు చెల్లుతాయి. చలికాలం వెళ్తే బుఖారీ, అంటే గదిని వెచ్చబరిచే పొయ్యి, ఉన్న గది అడగండి.